పైన గట్టి, లోపల చెమ్మ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కాజీపేట. మా ఆయన జిమ్‌కు పోతడు. పొయ్యి ముట్టకుండా తక్కువ వేడి మీద ఆరబెట్టిన రా కుకీలు ఒంటికి మంచివని ఎవరో చెప్తే ఆన్‌లైన్‌లో డీహైడ్రేటర్ అనే ఆరబెట్టే మిషన్ తెప్పించిండు. పోయిన నెల వానల్లో మొదటిసారి చేసిన. జొన్నలు మొలకెత్తించి, అందులో రెండు అరటిపండ్లు, ఖర్జూరం, నానిన బాదం వేసి మెత్తగ రుబ్బి, మందంగ బిళ్లలు తట్టి 42 డిగ్రీల మీద రాత్రంతా పెట్టిన. తెల్లారేసరికి పైన గట్టిగ మంచిగనే అయినయ్. డబ్బాల పెడితే నాలుగో రోజుకు పుల్లటి వాసన, తర్వాత బూజు. తప్పు మిషన్‌దా, నాదా? మా అత్తమ్మకు షుగర్ ఉంది, ఆమెకు ఇవి పెట్టొచ్చా? "మిషన్ ఎందుకే, బంగ్లా మీద ఎండబెడితే కావా" అని ఆమె అంటది. బతుకమ్మ పండుగకు నిజామాబాద్‌ల మా ఆడబిడ్డకు కూడా పంపుదామని నా ఆశ. కొలతలతో సహా చెప్పండి అక్కా.

జవాబు: చెల్లె, డబ్బాలో ఇంకేమైనా మిగిలి ఉంటే ముందు అవి పారేసి రా, తర్వాత మాట్లాడుకుందాం. పచ్చడి జాడీలో బూజు కనిపిస్తే పైపొర తీసేసి కానిచ్చేయడం చాలా ఇళ్లలో అలవాటే. ఇలాంటి మెత్తటి, తియ్యటి తిండిలో మాత్రం బూజు పైకి కనిపించిన దానికంటే లోపలికే ఎక్కువ పాకి ఉంటుంది.

అయితే నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది బూజు కాదు, జొన్న మొలకలు. వానలు ముఖం చాటేసి గిడసబారిన లేత జొన్న మేసి పశువులు కూలబడిపోవడం, దాన్ని నాము అనడం మీ అత్తమ్మకు తెలిసే ఉంటుంది, అడిగి చూడు. లేత జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినా, రుబ్బినా అది విరిగి సైనైడ్‌ను వదులుతుంది. ఎండు గింజలో అది లెక్కలోకి రానంత తక్కువ కాబట్టే తరతరాలుగా రొట్టె, గటక తిని బతికాం. గింజ మొలకెత్తిందంటే ఆ మొలకలోనూ, వేరులోనూ అది బాగా పెరుగుతుంది. పెసర్లు మొలకెత్తించి పచ్చివే తింటున్నాం కదా, జొన్నలూ అంతేలే అనుకోవద్దు. జొన్న మొలకలు పచ్చిగా తినే తిండిలోకి వద్దు, ఎంత కొంచెమైనా వద్దు.

తైదల్లో, అంటే రాగుల్లో, ఆ విషం బాధ లేదు. కానీ మొలకెత్తించిన ఏ గింజయినా ఒకటి రెండు రోజులు తడిగా, వెచ్చగా ఉండి వస్తుంది. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే ఏం కావాలి? మనవాళ్లు తైదలను మొలకెత్తించినా తర్వాత ఎండబెట్టి, వేయించి, విసిరి, ఆ పిండిని మళ్లీ జావ కాచి తాగారు తప్ప పచ్చిగా నోట్లో వేసుకోలేదు. గోధుమపిండి, మైదా సంగతీ ఇంతే. పిండి పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది గానీ అది పచ్చి సరుకే. అమెరికాలో 2016లో పచ్చి గోధుమపిండి నుంచి ఈ-కోలై అనే సూక్ష్మజీవి సోకి జనం జబ్బుపడితే పెద్ద ఎత్తున పిండి సంచులు వెనక్కి తెప్పించారు. కాబట్టి నీ రా కుకీల్లోకి ధాన్యం, పిండి ఏవీ వద్దు. తైదల రుచి కావాలనిపిస్తే దోరగా వేయించిన పిండి ఒకటి రెండు చెంచాలు వేసుకో. రా అనే పేరుకు కొంచెం మచ్చ పడుతుంది, పడనీ.

ఇక తప్పు ఎవరిదని అడిగావు. మిషన్ తన పని తాను చేసింది. 42 డిగ్రీలంటే ఎంత వేడో తెలుసా? పాలు తోడుకోవడానికి సరిగ్గా నప్పే వేడి. అరటిపండు, ఖర్జూరం, నానిన గింజలు కలిపి రుబ్బిన తడిముద్దను రాత్రంతా ఆ వేడిలో ఉంచితే గిన్నెలో పాలకు ఏమవుతుందో దానికీ అదే అయింది, కాకపోతే నువ్వు వేయని తోడుతో. నాలుగో రోజు వచ్చిన పుల్లవాసన నాలుగో రోజు పుట్టింది కాదు, మొదటి రాత్రే మొదలైంది.

రా కుకీల విషయంలో మిగతాదంతా దీన్నిబట్టే ఉంటుంది. ఓవెన్‌లో కాల్చే బిస్కెట్‌ను వేడే శుభ్రం చేస్తుంది. 42, 45 డిగ్రీల వేడి దేన్నీ చంపదు. ఇక్కడ నిన్ను కాపాడేది ఆరడం ఒక్కటే, అదీ త్వరగా ఆరడం. ముద్దలోని నీళ్లు సూక్ష్మజీవులకు అందకుండా పోయేలోపు వాటికి ఎన్ని గంటలు దొరుకుతాయన్నదే లెక్క.

అందుకే మీ అత్తమ్మ ప్రశ్నను కొట్టిపారేయలేను. ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉంది. మే నెలలో రామగుండంలో పగటివేడి 45 దాకా పోతుంది, వరంగల్, నిజామాబాద్ పెద్దగా వెనకబడవు. పైగా పొడి గాలి. పచ్చి తిండే మేలనే రా ఫుడ్ వాళ్లు మిషన్ తిప్పి తెచ్చుకునే వేడి మన బంగ్లా మీద ఊరికే దొరుకుతుంది. కానీ బంగ్లా మీద మనం ఎండబెట్టినవి ఏమిటో ఒకసారి గుర్తు చేసుకో. వడియాల పిండి ముందే ఉడికింది, తినేముందు మళ్లీ నూనెలో వేగుతుంది. మామిడి ఒరుగులకు వాటి పులుపే కాపలా, పైగా ఉప్పు పట్టిస్తాం, పప్పులో ఉడికిస్తాం. ఎండుమిర్చి కారం కొట్టాక కూరలో పడుతుంది. ఎండబెట్టిన ప్రతిదానికీ ముందో వెనకో నిప్పు తగిలింది, లేదా ఉప్పూ పులుపూ కాపలా ఉన్నాయి. నీ కుకీలకు నిప్పూ లేదు, ఉప్పూ లేదు, పులుపూ లేదు. దానికి తోడు సూర్యుడు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాడు. సగం ఆరిన తియ్యటి ముద్ద రాత్రంతా అలాగే కూర్చుంటుంది. దుమ్ము, ఈగలు, చీమలు సరేసరి. కుకీల్లో వేసే కుడుక (ఎండు కొబ్బరి) ముక్కలు, కడిగిన నువ్వులు బంగ్లా మీద ఆరబెట్టుకో, ఎండ అంతకంటే బాగా వాడుకోలేం. కలిపిన ముద్దను మాత్రం మిషన్‌కే అప్పజెప్పు. ఈ మాట నేను చెప్పానని అత్తమ్మతో అను, నీమీద పడదు.

పైన గట్టిపడి లోపల పచ్చిగా ఎందుకుంది? బిళ్ల మందంగా ఉంటే పైపొర ముందు ఆరిపోయి చర్మంలా బిగుసుకుంటుంది. లోపలి నీళ్లకు బయటికి దారి మూసుకుపోతుంది. చేత్తో తాకితే గట్టిగా ఉంది కదా అని మనం దించేస్తాం. డబ్బాలో మూతపెట్టాక లోపలి చెమ్మ మెల్లగా పైకి వచ్చి బిళ్ల అంతా సర్దుకుంటుంది, అప్పుడు పులుస్తుంది. నీ బిళ్ల మందమెంతో రాయలేదు గానీ, మనం గారెలు తట్టే చేతులతో తడితే సెంటీమీటర్ పైనే ఉండి ఉంటుంది. అందులో సగం, అంటే అర సెంటీమీటర్ దాటనివ్వకు. అరటిపండు మొదట్లోనే మానేయి. అందులో ముప్పావు వంతు నీళ్లే. బాదం నానబెట్టడం కూడా ఇందులోకి అక్కర్లేదు. నానినవే కావాలని మీ ఆయన పట్టుబడితే ఫ్రిజ్‌లో నానబెట్టు. మన ఎండాకాలంలో గట్టు మీద గిన్నెలో రాత్రంతా నానితే తెల్లారేసరికి ఆ నీళ్లే పులిసి నురుగు కడతాయి.

ఇప్పుడు కొలతలు. నువ్వులు 150 గ్రాములు, బాదం 100 గ్రాములు, తురిమిన కుడుక 50 గ్రాములు, గింజ తీసిన ఖర్జూరం 160 గ్రాములు, అవిసెల పొడి రెండు పెద్ద చెంచాలు, నాలుగైదు ఇలాచీలు, చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ రసం. ఇంతకు పాతిక బిళ్లల దాకా వస్తాయి. సరుకు వరంగల్ బీట్‌బజార్‌లో తెచ్చుకున్నా, ఇంటి పక్క కిరాణాలో తెచ్చుకున్నా నువ్వులు కొంచెం నోట్లో వేసుకుని నమిలి చూసి తీసుకో. పాత నువ్వులు చివర్లో చేదెక్కుతాయి, ఆరబెడితే ఆ చేదు ఇంకా పైకి తేలుతుంది. కుడుకలో లోపలివైపు నల్లటి మచ్చలుంటే ఆ చిప్ప పక్కన పెట్టేయి. ఖర్జూరం గట్టి రకం కాకుండా మెత్తగా, కండగా ఉండే రకం తీసుకుంటే నీళ్లు పోయాల్సిన పని తప్పుతుంది.

బాదం బదులు పల్లీలు వేయొచ్చా అని తర్వాత అడుగుతావని తెలుసు. మన దగ్గర చవకగా, తాజాగా దొరికేవి అవే. పచ్చి పల్లీలకు పచ్చివాసన ఉంటుంది, అది ఆరబెట్టినా పోదు. అంతకంటే ముఖ్యం, పల్లీల్లో ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజువాసన వచ్చేవి ఒక్కొక్కటీ ఏరి పారేయాలి. వాటిల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు, కాబట్టి ఏరడమే మందు. ఏరి, దోరగా వేయించి, పొట్టు తీసి వేస్తే రుచి బాదం కంటే ఒక పాలు ఎక్కువే. నన్నడిగితే అదే చెయ్యమంటాను.

చేసే తీరు ఇది. నువ్వులు కడిగి, రాళ్లు గాలించి, పూర్తిగా ఆరనివ్వు. బాదం మిక్సీలో బరకగా ఆడించు, తర్వాత నువ్వులు వేసి ఒక్కో విసురు చొప్పున తిప్పి ఆపుతుండు. ఆపకుండా తిప్పితే నువ్వులు నూనె వదిలి ముద్దవుతాయి, అప్పుడు బిళ్ల గుల్లగా రాదు. అవిసెల పొడిని నాలుగు చెంచాల నీళ్లలో కలిపి పావుగంట వదిలేస్తే జిగురు కడుతుంది. గుడ్డు, మైదా లేని లోటును ఆ జిగురే తీరుస్తుంది. ఖర్జూరాన్ని వేడినీళ్లలో కడిగి, తుడిచి, విడిగా మెత్తగా చేసుకుని అన్నీ కలిపి పిసుకు. నిమ్మరసం చివర్లో. ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో వత్తి, చిన్న గిన్నె అంచుతో బిళ్లలు కోసుకో. చేత్తో తడితే మధ్యలో మందం, అంచుల్లో పల్చన అవుతుంది, అంచులు మాడినట్టు ఎండిపోయి నడుమ పచ్చిగా మిగులుతుంది. ముద్ద చేతికి మరీ అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు, ఇంకో గుప్పెడు కుడుక తురుము కలుపు. పగుళ్లు వస్తుంటే ఇంకో ఖర్జూరం.

ట్రే మీద బటర్ పేపర్ పరిచి బిళ్లలు ఒకదానికొకటి తగలకుండా పేర్చు. మొదటి గంట, గంటన్నర 60 డిగ్రీల మీద పెట్టు. ఇది చూసి మీ ఆయన ఉలిక్కిపడతాడేమో. తడి ఆవిరవుతున్నంతసేపూ ఆ ఆవిరే బిళ్లను చల్లబరుస్తుంటుంది. ఒంటికి చెమట పట్టి గాలి తగిలినప్పుడు చల్లగా అనిపించేది ఇందుకే. లోపల గాలి 60 ఉన్నా బిళ్ల అంత వేడెక్కదు, పైతడి మాత్రం చకచకా పోతుంది. తర్వాత 46కు తగ్గించు. మరీ ఎక్కువసేపు 60 మీద ఉంచితే మళ్లీ పైపొర బిగుసుకునే బాధ మొదలవుతుంది. మూడు నాలుగు గంటలకు అడుగున చూస్తే పేపర్ నుంచి బిళ్ల తనంతట తాను వదులుతుంటుంది. అప్పుడు తిరగేసి, పేపర్ తీసేసి, ఉత్త జాలీ మీద పెట్టు, గాలి కిందినుంచి కూడా ఆడుతుంది. ఈ తిరగేయడం మరిచిపోతే కింది సగం ఎప్పటికీ ఆరదు. అక్కడినుంచి ఇంకో ఆరేడు గంటలు.

గంటలు చూసి మాత్రం దించొద్దు, తూకం చూసి దించు. ఇంట్లో చిన్న తక్కెడ ఉంటే సరే, లేకపోతే కొనుక్కో, ఈ మిషన్ ఖరీదు ముందు అదెంత. నాలుగు బిళ్లలు కలిపి తూకం వేసి రాసుకో. గంట తర్వాత అవే నాలుగూ మళ్లీ వేయి. బరువు ఇంకా తగ్గుతుంటే ఇంకా నీళ్లు పోతున్నాయని అర్థం. వరసగా రెండుసార్లు ఒకే బరువు చూపితే అయినట్టు. వేలితో నొక్కి చూసే పరీక్ష చల్లారాకే చెయ్యాలి, ఖర్జూరం వేడిమీద ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. చల్లారిన బిళ్లను నడిమికి విరిచి చూడు, లోపల మెరుపుగా, తడిగా గీత కనిపిస్తే మళ్లీ ట్రేలోకే. ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, ఇది సకినంలా కరకరలాడదు. ఖర్జూరంలోని చక్కెర కొంత నీటిని పట్టుకునే ఉంటుంది, కాబట్టి కొంచెం సాగుతూ, నమిలేలా ఉంటుంది. కరకర కోసం గంటలు పెంచుకుంటూ పోతే పళ్లకు పని తప్ప లాభం లేదు.

పూర్తిగా చల్లారాక గాజు సీసాలో ముప్పావు వంతు దాకా నింపి, మూతపెట్టి ఒక రాత్రి బయట ఉంచు. తెల్లారి సీసా లోపలి గోడల మీద చెమ్మ చుక్కలు కనిపిస్తే ఆరలేదన్నమాట, వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టు. ఏమీ లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టేయి. ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఫ్రీజర్‌లో రెండు నెలలు అనుకో. అల్మారాలో పెట్టి నెలంతా తినే సరుకు కాదిది. నువ్వులు, అవిసెల నూనెలు గాలి తగిలితే కమురెక్కుతాయి, అవిసెలు మరీ తొందరగా.

మిషన్ గురించి రెండు ముక్కలు. ఫ్యాన్ అడుగున ఉండి ట్రేలు ఒకదానిమీదొకటి పేర్చే రకమైతే కింది ట్రే ముందు ఆరుతుంది, రెండు గంటలకోసారి ట్రేలు మార్చాలి. ఫ్యాన్ వెనక ఉండే పెట్టె రకానికి ఆ తిప్పలు తక్కువ. డయల్ మీద 46 అని ఉన్నా లోపల అంతే ఉందని నమ్మొద్దు, చిన్న థర్మామీటర్ ఒకటి ట్రే మీద పెట్టి చూసుకో. వానకాలంలో గాలే తడిగా ఉంటుంది, మిషన్ ఆ తడిగాలినే వేడిచేసి ఊదుతుంది, అందుకే నీకు ఆ రాత్రి సరిపోలేదు. అలాంటి రోజుల్లో మూడు నాలుగు గంటలు ఎక్కువే వేసుకో, మూసిన స్టోర్‌రూమ్‌లో కాకుండా కిటికీ ఉన్న గదిలో పెట్టు. రాత్రి కాదు, పొద్దున మొదలుపెట్టు. తిరగేయడానికి నువ్వు మెలకువగా ఉంటావు, కరెంటు పోయినా తెలుస్తుంది. అరగంట పోతే పర్వాలేదు. మొదటి గంటల్లోనే, తడి ఉండగా పోయి ఎంతకీ రాకపోతే ట్రేలు ఫ్రిజ్‌లోకి ఎక్కించు. బిల్లు భయం ఉంటే, 400 వాట్ల మిషన్ పదిగంటలు ఆగకుండా తిరిగినా 4 యూనిట్లు, హీటర్ మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి అంత కూడా కాదు.

మీ ఆయనకు చెప్పాల్సింది ఒకటుంది. 46, 48 డిగ్రీలు దాటితే ఎంజైములు చచ్చిపోతాయి, తిండి జీవం పోతుందని రా ఫుడ్ వాళ్ల మాట. తిండిలోని ఎంజైముల్లో చాలామటుకు మన కడుపులోని యాసిడ్‌కే విరిగిపోతాయి, మన అరుగుదలకు కావలసినవి మన ఒంట్లోనే తయారవుతాయి. పట్టుబట్టి పచ్చివే తినాలంటే బజారులో దొరికేవి కూడా చాలావరకు పచ్చివి కావు. బెల్లం కాగి వచ్చింది. ఓట్స్ ఆవిరి పట్టి నొక్కినవి. అటుకులు వేడి చూసినవే. కాజును పెంకు ఒలిచే ముందే ఆవిరి పట్టడమో, కాల్చడమో చేస్తారు, లేకపోతే ఆ పెంకులోని నూనె చేతులు కాలుస్తుంది. కాబట్టి థర్మామీటర్ 47 చూపిందని ఇంట్లో గొడవ పెట్టుకోకండి. మైదా, వనస్పతి, చక్కెర లేని చిరుతిండి ఒకటి దొరికింది, ఇందులో మంచి అంతవరకే, అదేం తక్కువ కాదు.

అత్తమ్మ షుగర్ సంగతి. పచ్చిది కాబట్టి షుగర్ పెరగదనుకుంటే పొరపాటు. ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. పై కొలత ప్రకారం ఒక్కో బిళ్లలో ఒక టీస్పూన్ చక్కెరంత తీపి ఉంటుంది. నువ్వులు, బాదం, కుడుక ఉండటం వల్ల అది కాస్త మెల్లగా ఎక్కుతుంది, అంతే. ఎన్ని తినొచ్చో ఆమె డాక్టరే చెప్పాలి. తిన్న రెండు గంటలకు ఇంట్లో షుగర్ చూసే మిషన్‌తో ఒకసారి చూసుకుంటే మీకే తెలిసిపోతుంది. ఆమె వరకు ఖర్జూరం సగానికి తగ్గించి, ఆ సగం బదులు కుడుక, నువ్వులు పెంచి చెయ్యి. ఆమె వయసు దృష్ట్యా నువ్వులు, బాదం వేయించినవే వాడు. గర్భిణులకు, ఒంట్లో శక్తి తగ్గిన వాళ్లకు కూడా పచ్చివి వద్దు. అదే ముద్దను ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లో 150 డిగ్రీల మీద పన్నెండు, పదిహేను నిమిషాలు కాలిస్తే చాలు, పండుగకు చేసుకునే నువ్వుల ముద్దల రుచికి దగ్గరగా వస్తుంది. ఖర్జూరం బదులు తేనె వాడే వాళ్లుంటారు, ఏడాది లోపు పిల్లలకు అది ఏ రూపంలోనూ నాకించొద్దు.

మీ ఆడబిడ్డకు పంపడం గురించి. బతుకమ్మ రోజుల్లో మన దగ్గర ఇంకా గాలిలో తడి పోదు, ఒక్కోసారి వాన కూడా ఉంటుంది. కొరియర్‌లో రెండు మూడు రోజులు గోదాములో పడి ఉంటాయంటే రా కుకీలు పంపకు. ఎవరైనా చేతికిచ్చి పంపితే, పొద్దున కాజీపేటలో రైలెక్కి ఆ సాయంత్రానికల్లా వాళ్ల ఫ్రిజ్‌లో చేరేలా ఉంటే పంపు. ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే స్టీలు టిఫిన్‌లో బిళ్ల బిళ్లకూ మధ్య బటర్ పేపర్ వేసి, టిఫిన్‌ను మందపాటి టవల్‌లో చుట్టాలి. అందగానే ఫ్రిజ్‌లో పెట్టమని ఫోన్ చేసి చెప్పు, చీటీ రాస్తే ఎవరూ చదవరు. అంత తీరిక లేదనుకుంటే ఆమెకు కాల్చినవే పంపు, లేదా మలీద ముద్దలు.

వాటిని చూసి ఇరుగుపొరుగు వాళ్లు డబ్బులిచ్చి చేయించుకుంటామంటే వెంటనే ఒప్పుకోకు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, డబ్బా మీద ఏమేం వేశావో, ఏ రోజు చేశావో రాయాలి. నువ్వులు, పల్లీలు, బాదం పడని వాళ్లు ఉంటారు కాబట్టి వాటి పేర్లు మరీ స్పష్టంగా.